పల్లెల్లో మతిమరుపును లెక్కించేవారికి, ఆ లెక్కతో ప్రణాళికలు వేసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖల అధికారులకు, జనాభా సర్వేలు రూపొందించే పరిశోధకులకు నమస్కారాలు.

గ్రామాల్లో నివసించే వృద్ధుల్లో ఎంతమందికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్రమంగా క్షీణించే రోగం; ఈ లేఖలో మతిమరుపు అంటున్నదీ దీన్నే) ఉందన్న ప్రశ్నకు ఇంతవరకు వెలువడిన సర్వేలు చెప్పే జవాబులు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఎందుకిలా ఉన్నాయో మీకు తెలియదని నేననుకోను. తెలిసి కూడా, ప్రణాళికలు వేసే సమయానికి ఆ సంగతిని పక్కన పెట్టేసి, చేతికందిన అంకెను అలాగే వాడేస్తున్నారన్నదే నా ఫిర్యాదు. అందుకే ఈ లేఖను ఎవరో ఒక్కరికి కాకుండా, ఇంటింటి సర్వేలకు ప్రశ్నావళులు తయారుచేసే పరిశోధకులకూ, ఆ సర్వేల ఫలితాలను చూసి గ్రామీణ వైద్యసేవలకు నిధులు, సిబ్బంది కేటాయించే అధికారులకూ కలిపి రాస్తున్నాను.

ప్రపంచంలోని డిమెన్షియా బాధితుల్లో 66 శాతం మంది వర్ధమాన దేశాల్లో ఉంటే, జనాభా ఆధారిత పరిశోధనల్లో పదో వంతు కూడా అక్కడ జరగడం లేదన్న ఆవేదనతో 1998లో ఏర్పడిన 10/66 డిమెన్షియా పరిశోధక బృందం, ఏడు దేశాల్లోని 11 ప్రాంతాల్లో 65 ఏళ్లు దాటిన దాదాపు 15,000 మందిని పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించింది. అమెరికా మనోవైద్యుల సంఘం వారి డీఎస్‌ఎం-4 నిర్వచనం ప్రకారం లెక్కిస్తే గ్రామీణ భారతంలో డిమెన్షియా 0.3 శాతం, క్యూబాలో 6.3 శాతం అని తేలింది. అదే జనాన్ని, అదే సమాచారంతో, చదువు లేకపోవడం వల్ల కలిగే పొరపాట్లను సరిదిద్దుకుంటూ ఆ బృందం సొంతంగా రూపొందించిన పద్ధతిలో లెక్కిస్తే, అన్నిటికన్నా తక్కువ వచ్చిన గ్రామీణ చైనాలోనే 5.6 శాతం ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా డొమినికన్ రిపబ్లిక్‌లో 11.7 శాతం ఉంది. అంటే, ఒక పద్ధతిలో వెయ్యికి ముగ్గురే రోగులుగా కనిపించిన పల్లెల్లో, ఇంకో పద్ధతిలో వెయ్యికి 56 మందికి తగ్గకుండా ఉన్నారన్నమాట. ఈ రెండు అంకెల్లో మొదటిదాన్ని పట్టుకున్న అధికారి గ్రామాల్లో ఈ సమస్యే లేదని నిశ్చింతగా ఉండవచ్చు. రెండోదాన్ని పట్టుకున్న అధికారి నిశ్చింతగా ఉండలేడు.

ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది విచారించదగ్గ విషయం. డీఎస్‌ఎం-4 ప్రకారం డిమెన్షియా నిర్ధారణ కావాలంటే జ్ఞాపకశక్తితోపాటు మరో మానసిక సామర్థ్యం కూడా తగ్గి, దానివల్ల మనిషి రోజువారీ పనులు, నలుగురితో వ్యవహారాలు దెబ్బతినాలి; సర్వేలో ఆ సంగతి ఎక్కువగా ఇంట్లోవాళ్లు చెబితేనే తెలుస్తుంది. పెద్దవాళ్ల పనులన్నీ చిన్నవాళ్లు చేసిపెట్టే ఇళ్లలో ఆ మాట బయటికి రాదు. డబ్బు లెక్కలు కొడుకు చూసుకుంటాడు, మందులు కోడలు వేస్తుంది, బయటికి వెళ్లాల్సి వస్తే మనవడు వెంట వెళ్తాడు. ఇక ఆ పెద్దాయన ఏ పని చేయలేకపోతున్నాడని ఎవరు గమనిస్తారు, గమనించినా ఎందుకు చెబుతారు? వయసు మీద పడ్డాక ఆ మాత్రం మరుపు ఉండదా అని సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు వృద్ధుల్లో వచ్చిన మార్పును చెప్పకపోవడమే తక్కువ అంకెలకు ఒక ముఖ్య కారణమని ఆ పరిశోధక బృందమే చెప్పింది. ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకునే ఈ పద్ధతి ఇప్పుడు ఇంకో రకంగా కూడా దెబ్బతింటోంది. వయసులో ఉన్నవాళ్లు పని కోసం ఊరు విడిచి వెళ్లిపోయిన చోట, ప్రశ్నావళిలో దగ్గరి బంధువును అడగవలసిన భాగానికి జవాబు చెప్పేందుకు ఎవరూ ఉండరు. ఏడాదికి ఒకసారి వచ్చే కొడుకును ఫోనులో అడిగితే తెలిసేది స్వల్పం. భార్యనో భర్తనో అడుగుదామంటే, వారి జ్ఞాపకశక్తి కూడా అదే సర్వేలో పరీక్షకు నిలబడాల్సిన స్థితిలో ఉంటుంది.

ఇంట్లోవాళ్ల మాట అలా ఉంటే, నేరుగా వృద్ధులకు పెట్టే పరీక్షలు మరో వైపు తప్పుతాయి. 1975లో తయారై ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్న మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అనే 30 మార్కుల పరీక్షనే తీసుకోండి. అందులో తేదీ, నెల, సంవత్సరం చెప్పాలి. వందలోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు తీసేస్తూ పోవాలి. ఒక వాక్యం రాయాలి. ఒకదానిపై ఒకటి పడినట్టున్న రెండు పంచభుజాలను చూసి గీయాలి. బడి గడప తొక్కని, పెన్సిలు పట్టి ఎరగని ఒక వృద్ధురాలి చేతికి ఆ కాగితం ఇస్తే జరిగేది నేను దగ్గరుండి చూశాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతుంది, పెన్సిలును గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది, ఒక గీత పెట్టి ఆగిపోతుంది, పక్కనున్న కోడలి ముఖంలోకి చూసి నవ్వుతుంది, చివరికి ఇవన్నీ నాకెందుకు నాయనా అంటూ కాగితం వెనక్కి ఇచ్చేస్తుంది. సర్వే చేసేవారు అక్కడ సున్నా వేస్తారు. ఆ సున్నా ఆమె మెదడుకు పడిందా, ఆమెను బడికి పంపని కాలానికి పడిందా అన్నది ఆ కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఏ పొలం ఎప్పుడు చేతులు మారిందో, ఏ మనవడు ఎవరి తర్వాత పుట్టాడో తడుముకోకుండా చెప్పగలిగే మనిషి ఆ పరీక్షలో రోగిగా తేలవచ్చు. అదే సమయంలో, రోగం మొదలై ఇంటి దారి మరిచిపోతున్న రిటైరైన ఉపాధ్యాయుడు ఆ పరీక్షలో మంచి మార్కులతో గట్టెక్కవచ్చు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు లేవని కాదు. భారత, అమెరికా పరిశోధకులు కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల కోసం చదువురాని వృద్ధులకు తగినట్టు ఆ పరీక్షను హిందీలో కొత్తగా మలిచి 1995లో ప్రకటించారు. రోజువారీ పనుల్లోని ఇబ్బందులను అడిగే ప్రశ్నలను కూడా అక్కడి జీవితానికి సరిపడేలా తయారుచేశారు. 1998లో వారు ప్రకటించిన ఫలితాల్లో, 55 ఏళ్లు దాటినవారిలో దాదాపు మూడొంతుల మంది నిరక్షరాస్యులే అయినా, 65 ఏళ్లు దాటినవారిలో డిమెన్షియా 1.36 శాతమే ఉంది. చదువు లేకపోవడాన్ని రోగంగా పొరబడకూడదన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది. ఆ జాగ్రత్తను ప్రతి ప్రాంతంలోనూ, ప్రతి భాషలోనూ మొదటినుంచీ తీసుకోవాలి తప్ప, ఒక చోట తయారైన ప్రశ్నావళిని అనువదించి ఇంకో చోట వాడేయడం సరిపోదు. సమయం, నిధులు లేవన్న కారణంతో ఈ దశను దాటేయడం పరిపాటిగా మారింది. నా ఉద్దేశంలో ఆ దశకు నిధులు లేనప్పుడు సర్వేకు కూడా లేనట్టే భావించాలి.

ఇటీవలి పెద్ద సర్వేలు గ్రామాలపై వేరే బొమ్మను చూపుతున్నాయి. చైనాలో 65 ఏళ్లు దాటినవారిపై జరిపి 2014లో ప్రకటించిన అధ్యయనంలో పట్టణాల్లో 4.40 శాతం, గ్రామాల్లో 6.05 శాతం మందికి డిమెన్షియా ఉందని తేలింది. చదువులోని తేడా దీనికి ముఖ్య కారణం కావచ్చని ఆ పరిశోధకులే అభిప్రాయపడ్డారు. భారతదేశంలో వృద్ధుల్లో డిమెన్షియాపై దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది; పట్టణాల్లో 5.3 శాతం ఉంటే గ్రామాల్లో 8.4 శాతం ఉంది, పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువగా ఉంది. వీటికి పూర్తిగా భిన్నంగా, బొలీవియా అడవుల్లో వ్యవసాయం, వేట, చేపలు పట్టడం మీద బతికే చిమానే, మొసెటెన్ తెగల్లో 60 ఏళ్లు దాటినవారిలో డిమెన్షియా ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే ఉన్నట్టు 2022లో వెలువడింది. కాబట్టి పల్లెలో ఉండటమే మంచిదనో, పల్లెలో ఉండటమే ప్రమాదమనో తేల్చేయడానికి వీల్లేదు. పల్లెల్లో ఏ తరం ఎంత చదువుకుంది, ఎంత శారీరక శ్రమ చేస్తోంది, వారి రక్తపోటును ఎవరైనా చూస్తున్నారా లేదా అన్నవే అసలు ప్రశ్నలు.

ఇక్కడే మరో మాట చెప్పాలి. ఒక ఊళ్లో ఫలానా రోజున ఎంతమంది రోగులు ఉన్నారన్న లెక్క, ఏటా ఎంతమందికి కొత్తగా వస్తోందన్నదాని మీదే కాక, వచ్చాక వాళ్లు ఎన్నేళ్లు బతుకుతున్నారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. మింగడం కష్టమైనప్పుడు, మంచం పట్టి పుండ్లు పడినప్పుడు, ఊపిరితిత్తులకు జబ్బు చేసినప్పుడు చూసేవారు లేని చోట రోగులు త్వరగా చనిపోతారు. ఆ ఊరి లెక్క తగ్గుతుంది. తక్కువ అంకె మంచి ఆరోగ్యానికి గుర్తు కావచ్చు, పట్టించుకునే దిక్కు లేకపోవడానికీ గుర్తు కావచ్చు. కొత్తగా వచ్చే కేసుల లెక్క లేకుండా ఈ రెండింటినీ విడదీయలేం. బల్లభ్‌గఢ్ బృందం ఆ పని కూడా చేసింది. 65 ఏళ్లు దాటినవారిలో ఏటా వెయ్యికి 4.7 కొత్త ఆల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) కేసులు అక్కడ కనిపిస్తే, అదే బృందం పెన్సిల్వేనియాలోని మొనాంగహీలా లోయలో గమనించిన రేటు 17.5 అని 2001లో ప్రకటించింది. ఒకే జనాన్ని ఏళ్ల తరబడి వెంబడించే ఇలాంటి అధ్యయనాలకు నిధులివ్వడం మానేసి, ఒక్కసారి వెళ్లి వచ్చే సర్వేలకే డబ్బు కేటాయించడం పొదుపు అనిపించుకోదు.

ప్రమాద కారకాల విషయానికి వద్దాం. ఈ అంశంపై లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2017లో తొమ్మిది, 2020లో 12, 2024లో 14 కారకాలను గుర్తించింది. వీటన్నిటినీ నిర్మూలించగలిగితే, సిద్ధాంతపరంగా, ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో చేయవచ్చని 2024 నివేదిక అంటుంది. అందులో వినికిడి లోపానికి 7, చెడు కొలెస్ట్రాల్‌కు 7, చిన్నతనంలో చదువు లేకపోవడానికి 5, ఒంటరితనానికి 5 శాతం వాటా ఇచ్చారు. అధిక రక్తపోటుకు 2 శాతమే ఇచ్చారు. ఈ వాటాలు ఆయా లోపాలు జనంలో ఎంతమందికి ఉన్నాయన్నదాన్ని బట్టి మారిపోయేవి. చదువుకున్నవారు నూటికి తొంభై మంది ఉన్న సమాజానికీ, నూటికి పదిమంది ఉన్న సమాజానికీ చదువు లేకపోవడం వాటా ఒకటే ఎలా అవుతుంది? రక్తపోటు ఉందని తెలిసి, మందు వాడి, అదుపులో పెట్టుకున్న జనాభాకూ, ఉందన్న సంగతే తెలియని జనాభాకూ దాని వాటా ఒకటే ఎలా అవుతుంది? ఆ పట్టికలోని వరుసను అలాగే తెచ్చి గ్రామీణ కార్యక్రమాలకు ప్రాధాన్యతల జాబితాగా పెట్టుకుంటున్న పత్రాలను చూసి ఈ మాట రాస్తున్నాను.

నా దృష్టిలో గ్రామాలకు సంబంధించి మొదటి స్థానం రక్తపోటుదే. ఇది అభిప్రాయంగా మిగిలిపోకుండా బలమైన సాక్ష్యం కూడా ఇప్పుడు దొరికింది. గ్రామీణ చైనాలో 326 గ్రామాల్లో, 40 ఏళ్లు దాటి అధిక రక్తపోటు ఉన్న 33,995 మందితో ఒక పెద్ద ప్రయోగం చేశారు. సగం గ్రామాల్లో మామూలుగా అందే వైద్యమే కొనసాగింది. మిగతా సగంలో, పూర్తిస్థాయి వైద్య పట్టా లేని గ్రామ వైద్యులకు శిక్షణ ఇచ్చి, ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్న మెట్ల వరుసను చేతికిచ్చి, పై స్థాయి డాక్టర్ల పర్యవేక్షణలో వారికే చికిత్స అప్పగించారు. మందులు ఉచితంగానో తక్కువ ధరకో ఇచ్చారు. ఇంటివద్దే బీపీ చూసుకునే పరికరాలు ఇచ్చి, ఉప్పు తగ్గించడం, మందు మానకుండా వాడటం గురించి పదేపదే చెప్పించారు. రక్తపోటును 130/80 కన్నా కిందికి తేవడం లక్ష్యంగా పెట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఆ గ్రామాల్లో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. డిమెన్షియా దాకా పోని జ్ఞాపకశక్తి లోపం 16 శాతం తగ్గింది. 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఇది ఒక దేశంలో జరిగిన ప్రయోగమే, నిజమే. కానీ ఇందులో వాడిన మందులన్నీ పాతవి, చవకవి. వాడినవారు ఊళ్లో అందుబాటులో ఉండే మనుషులు. మతిమరుపు నివారణ కోసం ఏదో కొత్త సంస్థ రావాలని, న్యూరాలజిస్టు ఊరికి రావాలని ఎదురుచూడాల్సిన అవసరం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పక్షవాతాన్ని, గుండెపోటును ఆపడానికి ఎలాగూ చేయవలసిన పనే ఇది.

వినికిడి, చూపు ఆ తర్వాతివి. వీటిని ప్రమాద కారకాలుగానే చూడటం అలవాటైంది గానీ, సర్వేలో ఇవి అంతకుముందే దెబ్బకొడతాయి. మూడు మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమన్నప్పుడు, ఆ మూడు మాటలు అసలు వినబడ్డాయా లేదా అన్నది ఎవరూ చూడరు. చెవి సరిగా వినబడని పెద్దాయన అర్థం కాకపోయినా తలూపుతాడు, తర్వాత అడిగితే మౌనంగా ఉంటాడు. ఆ మౌనానికి మార్కులు పోతాయి. శుక్లాలు ముదిరిన కళ్లకు బొమ్మ చూపించి పేరు చెప్పమంటే జరిగేదీ ఇదే. కనుక పరీక్ష మొదలుపెట్టే ముందు చెవిలో గుబిలి ఉందేమో చూసి, మాట వినబడుతోందో లేదో సరిచూసి, కళ్లజోడు ఉంటే పెట్టుకోమని చెప్పడం సర్వేలో విధిగా జరగాలి. అయిదు నిమిషాల పని ఇది.

వీటికి చికిత్స చేస్తే మతిమరుపు తగ్గుతుందా అన్నదానికి ఉన్న సాక్ష్యాన్ని ఉన్నంతవరకే చెప్పాలి. 2023లో వచ్చిన అచీవ్ ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 977 మందిని మూడేళ్లు పరిశీలించారు. అందరినీ కలిపి చూస్తే వినికిడి యంత్రాలు వాడినవారికీ వాడనివారికీ ఆలోచనా శక్తి తగ్గుదలలో తేడా కనిపించలేదు. మొదటినుంచీ ప్రమాద కారకాలు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. శుక్లాల ఆపరేషన్ విషయంలో 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, ఆపరేషన్ చేయించుకున్నవారిలో డిమెన్షియా ముప్పు దాదాపు 30 శాతం తక్కువని చెప్పింది. అయితే అది ప్రయోగం కాదు, జరిగినదాన్ని గమనించిన అధ్యయనం. ఆపరేషన్‌కు వెళ్లగలిగినవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులై ఉండే అవకాశం ఉంటుంది. ఇన్ని షరతులు ఉన్నా నేను వెనక్కి తగ్గను. వినబడటం, కనబడటం వాటంతట అవే మనిషికి కావలసినవి. మెదడుకు మేలు జరిగితే అది అదనం.

చదువు సంగతి కొంత క్లిష్టం. చదువు లేకపోవడం పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది, నిజంగా ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. చిన్నతనంలో చదువుకున్న మెదడు, తర్వాత వచ్చే నష్టాన్ని ఎక్కువకాలం తట్టుకుని నిలబడగలదని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇప్పుడు డెబ్బై ఏళ్లున్న తరానికి, అందులోనూ స్త్రీలకు, ఆ అవకాశం దాటిపోయింది. పొగాకు, మద్యం, షుగరు గురించి వేరే చెప్పనక్కర్లేదు; అవి అందరికీ తెలిసినవే. పొగ గురించి మాత్రం చెప్పాలి. ప్రపంచంలో ఇంకా 210 కోట్ల మంది కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ పొయ్యిల మీదే వంట చేసుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాయు కాలుష్యాన్ని కమిషన్ ప్రమాద కారకాల్లో చేర్చినప్పుడు ఆధారంగా ఉన్న పరిశోధనల్లో ఎక్కువ భాగం బయటి గాలి కాలుష్యం గురించినవి. జీవితమంతా పొయ్యి ముందు కూర్చున్న స్త్రీల మెదళ్లకు ఏమైందో ఎక్కువగా అడగాల్సింది గ్రామాల్లో, మన ప్రశ్నావళుల్లో అయితే చాలాచోట్ల ఆ ప్రశ్నే ఉండదు. చెట్ల మీదనుంచి, బండ్ల మీదనుంచి పడి తలకు తగిలిన దెబ్బలను కూడా అడగరు.

మతిమరుపులా కనిపించి మతిమరుపు కానివి కూడా ఉంటాయి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు, జ్వరంతోనో మూత్రంలో ఇన్ఫెక్షన్‌తోనో హఠాత్తుగా వచ్చే అయోమయం, పడిన కొన్ని వారాలకు తలలో గడ్డకట్టిన రక్తం, నిద్రకనీ ఎలర్జీకనీ ఇచ్చిన మాత్రల ప్రభావం, వీటన్నిటికీ చికిత్స ఉంది. ఒక్కసారి ఇంటికి వెళ్లి పరీక్ష పెట్టి వచ్చే సర్వే వీటిని వేరు చేయలేదు. వేరు చేయకుండానే ఒక మనిషిని ఆ జాబితాలోకి ఎక్కించి, ఆ మనిషిని మళ్లీ చూడకుండా వచ్చేయడం నాకు న్యాయంగా తోచదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. లెక్కించడానికి ఇంటి గడప దాకా వెళ్లిన మనిషి చేతిలో బీపీ యంత్రం ఎందుకు ఉండకూడదు? చెవి, కన్ను చూసి, అవసరమైన చోటికి పంపే చీటీ ఎందుకు రాయకూడదు? వాడుతున్న మాత్రల జాబితా తీసుకుని డాక్టరుకు ఎందుకు చూపించకూడదు? ప్రపంచవ్యాప్తంగా డిమెన్షియా ఉన్నవారిలో దాదాపు మూడొంతుల మందికి ఇప్పటికీ నిర్ధారణ జరగలేదని అల్జీమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్ అంచనా వేసింది. సర్వేలో రోగం ఉందని తేలినవారికి కూడా ఆ సంగతి చెప్పకపోవడం, చెప్పినా ఎటు వెళ్లాలో చూపకపోవడం ఈ లోటుకు మనం చేరుస్తున్న భాగం. పరిశోధన వేరు, వైద్యసేవ వేరు, రెండూ కలిపితే ఫలితాలు చెడిపోతాయని కొందరు వాదిస్తారు. మొదటి పరిశీలన పూర్తయి, వివరాలు నమోదైన తర్వాత సేవ మొదలుపెడితే ఆ అభ్యంతరానికి చోటు ఉండదు.

కొత్తగా వచ్చిన లెకానెమాబ్, డొనానెమాబ్ వంటి ఆల్జీమర్స్ మందుల మీద ఆశతో ప్రణాళికలు రాసేవారికి ఒక మాట. ఆ మందులు ఇవ్వాలంటే మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని ఉందని, సాధారణంగా పెట్ స్కాన్‌తోనో వెన్నెముక నీటి పరీక్షతోనో, నిర్ధారించాలి. సిరల ద్వారా పదేపదే ఎక్కించాలి. మెదడు వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీయాలి. వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో క్షీణతను కొంత నెమ్మదింపజేయడమే వాటి ఫలితం. రక్తపోటు చూసే దిక్కు లేని చోట వాటి గురించి మాట్లాడటం సమయానుకూలం కాదు.

సంరక్షకుల గురించి ప్రస్తావించకుండా ఈ లేఖ ముగించలేను. 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచంపై పడిన భారం 1.3 లక్షల కోట్ల డాలర్లని, అందులో దాదాపు సగం ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసే సేవదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారు సగటున రోజుకు అయిదు గంటలు ఇందుకే వెచ్చిస్తున్నారు. ఆ గంటల్లో 70 శాతం స్త్రీలవే. రాత్రి నిద్రపోకుండా తిరిగే మనిషి వెంట తిరిగి, తెల్లవారి పనికి వెళ్లే కోడలో కూతురో ఏ సర్వేలోనూ రోగిగా నమోదు కాదు. మీ ప్రశ్నావళిలో ఆమెను రోగి గురించి చెప్పే సాక్షిగానే చూస్తున్నారు. ఆమె నిద్ర, ఆమె బీపీ, ఆమె దిగులు గురించి కూడా అడగండి. సంరక్షకుల శిక్షణ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసపోర్ట్ అనే కార్యక్రమం తయారుచేసింది. చదువు రానివారు విని నేర్చుకునే రూపంలో అది గ్రామాలకు చేరాలి.

ప్రపంచ ఆరోగ్య సభ 2017లో ఆమోదించిన డిమెన్షియా కార్యాచరణ ప్రణాళిక, 2025 నాటికి మూడొంతుల దేశాల్లో డిమెన్షియాపై జాతీయ విధానం ఉండాలని, సగం దేశాల్లోనైనా బాధితుల్లో సగం మందికి నిర్ధారణ జరగాలని లక్ష్యాలు పెట్టుకుంది. గడువును ఇప్పుడు 2031కి పొడిగించారు. ఈ పొడిగించిన కాలంలోనైనా అధికారులు చేయవలసింది, ఉన్న గ్రామీణ రక్తపోటు కార్యక్రమాలకు వినికిడి, చూపు, జ్ఞాపకశక్తి పరిశీలనలను జోడించి, మందులు మధ్యలో అయిపోకుండా చూడటం. కొత్త శాఖ, కొత్త భవనం దీనికి అక్కర్లేదు. పరిశోధకులు చేయవలసింది, ఫలితాలు ప్రకటించేటప్పుడు శాతం పక్కనే అది ఏ నిర్వచనం ప్రకారం వచ్చిందో, పరీక్షకు కూర్చున్నవారిలో ఎంతమంది బడికి వెళ్లలేదో, ఎంతమందికి చెవి, కన్ను సరిగా లేవో, ఎంతమంది గురించి చెప్పడానికి బంధువే దొరకలేదో రాయడం. ఇవి లేని అంకెను పత్రికలూ ప్రభుత్వాలూ ఎత్తి రాసుకోకుండా మీరే అడ్డుపడాలి.

ఇక సర్వేలకు అనుమతులిచ్చే నైతిక పరిశీలన సంఘాలకు, నిధులిచ్చే సంస్థలకు నా విన్నపం సూటిగా ఉంటుంది. గ్రామీణ వృద్ధులపై డిమెన్షియా సర్వే చేస్తామంటూ మీ ముందుకు వచ్చే ప్రతి ప్రతిపాదనలోనూ, రోగం ఉందని తేలినవారిని ఎవరు, ఎన్ని రోజుల్లో, ఎక్కడ మళ్లీ చూస్తారో, రక్తపోటు ఎక్కువగా కనిపించినవారికి మందు ఎవరు మొదలుపెడతారో పేరుతో, హోదాతో, బడ్జెట్‌తో సహా రాసి ఉండాలని అడగండి. ఆ పేజీ ఖాళీగా ఉంటే ప్రతిపాదనను తిప్పి పంపండి.

ఇట్లు,
గ్రామీణ వృద్ధుల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక కార్యకర్త